పొడి నుదురు

మరదలు సంచిలోంచి పెద్ద నీళ్ళ సీసా తీసి ఇస్త్రీ బల్ల మీద నలుగురికీ కనపడేట్టు పెట్టింది. వదిన ఓరకంట చూసింది. చేతిలో ఉన్న చొక్కా వీపు మడిచి, చేతులు లోపలికి విరిచి, కాలరు పైకి వచ్చేట్టు తిప్పి గుట్ట మీద పెట్టింది. అప్పుడు సీసా మెడ పట్టుకుని బల్ల కింద పీలికల బుట్టలోకి దించింది.

"అదేంటి వదినా?"

"చెరువు నెత్తిన పెట్టుకొచ్చావేంటే? ఇక్కడ ఈత కొడతావా?"

పక్క బల్లల వాళ్ళు నవ్వారు. మరదలు కూడా నవ్వింది. ఆమెకు నవ్వటానికి పెద్ద కారణం అక్కర్లేదు. తన మీద విసిరిన మాటకి అందరికంటే ఎక్కువసేపు నవ్వే రకం.

అది రేకుల షెడ్డు. ముందు సగంలో కుట్టు మిషన్లు, వెనక సగంలో ఇస్త్రీ బల్లలు, గోడకి అవతల బాయిలరు. మిషన్ల మీద ఫ్యాన్లు తిరుగుతాయి. ఇస్త్రీ వరసకి ఫ్యాన్లు లేవు. గాలి తగిలితే ఆవిరి చల్లారిపోతుంది, పెట్టిన మడత లేచిపోతుంది. అది నిజమే కాబట్టి ఎవరూ గట్టిగా అడగలేరు. వేసవిలో ఆ వరసలో నిలబడటమంటే కాళ్ళ కింద ఒక పెనం, నెత్తిన బోర్లించిన పెనం ఇంకొకటి.

వదినని షెడ్డులో ఒంటె అంటారు. పొద్దున గంట కొట్టగానే బల్ల ముందు నిలబడితే సాయంత్రం గంట కొట్టాకే కదిలేది. మధ్యలో నీళ్ళు లేవు, బాత్రూమ్ లేదు. మొదట్లో ఎవరో ఎగతాళికి పెట్టిన పేరు. ఏళ్ళు గడిచేకొద్దీ ఎగతాళి ఊడిపోయి పేరు మిగిలింది. కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా సూపర్‌వైజర్ ఆమె వైపు చెయ్యి చూపి, "అదిగో ఒంటె. చూసి నేర్చుకోండి," అనేవాడు. ఆమె తలెత్తేది కాదు. కాని ఆ మాట విన్నప్పుడు ఇస్త్రీ పెట్టె ఒక పాలు వడిగా నడిచేది.

ఆడవాళ్ళకి బాత్రూమ్ ఒకటుంది. షెడ్డు వెనక, అట్టపెట్టెల గుట్టలు దాటాక. దానికి తాళం. తాళంచెవి సూపర్‌వైజర్ మెడలో, ఈలతో పాటు ఒకే తాడుకి. ఎవరో లోపలికి వెళ్ళి ఫోను మాట్లాడుతూ కూర్చున్నారని పెట్టిన ఏర్పాటు. కావాలంటే బల్ల వదిలి, మిషన్ల మధ్యగా నడిచి, గుడ్డలు కత్తిరించే మగవాళ్ళ ముందు నుంచి వెళ్ళి అతన్ని అడగాలి. అతను కాదనడు. ఇన్నేళ్ళలో ఒక్కరికి కూడా కాదనలేదు. ఇచ్చే ముందు ఒక మాట అంటాడు, అంతే. ఆ మాట అందరికీ వినపడాలి. ఒకసారి విన్న మనిషి ఆ వారంలో రెండోసారి వెళ్ళదు.

మరదలికి ఇవేవీ తెలియవు. పుట్టింటి దగ్గర చెంబు ఎత్తితే అడుగు కనపడేదాకా దించని మనిషి. మధ్యాహ్నం లోపలే బుట్టలోని సీసా ఖాళీ చేసింది. ఒకసారి వెళ్ళింది, సూపర్‌వైజర్ ఏదో అన్నాడు, నవ్వుతూనే వచ్చింది. రెండోసారి వెళ్ళినప్పుడు అతని గొంతు ఇస్త్రీ వరస దాకా వినపడింది.

"మళ్ళీనా? ఏమ్మా, మడికి నీళ్ళు కడుతున్నావా? గట్టు తెగిందా?"

కత్తిరింపు బల్లల దగ్గర మగవాళ్ళు పగలబడ్డారు. ఒకడు, "పార కూడా ఇమ్మంటుందేమో అడగండి," అన్నాడు.

మరదలు తిరిగొచ్చింది. నవ్వు లేదు. ఇస్త్రీ పెట్టె అందుకుని కాలరు మీద పెట్టింది. కాలరుని రెండు కొసల నుంచి మధ్యకి నడపాలి. మధ్య నుంచి కొసలకి నడిపితే ముడత అంతా మొనలో చేరుతుంది. వదిన పొద్దున్నే చూపించింది. మరదలు మధ్య నుంచి కొసకి నడిపింది. గడ్డం మీద నుంచి ఏదో చుక్క జారి గుడ్డ మీద పడింది. చెమటో, కన్నీరో. దాని మీదుగా పెట్టె వెళ్ళింది. తెల్లటి గుడ్డ మీద పసుపు వలయం కూర్చుంది.

సాయంత్రం లోపల ఆ చొక్కా సూపర్‌వైజర్ చేతిలో తిరిగొచ్చింది. దాన్ని మరదలి బల్ల మీద కాదు, వదిన బల్ల మీద పడేశాడు.

"ఒంటెగారూ, మీ మరదలు ఇస్త్రీ చేస్తోందా, ఉతుకుతోందా? మీరు చెప్పారని మీ పక్కన నిలబెట్టాను. ఇంకొక్క మచ్చ కనపడిందంటే ఇంటికి పంపిస్తాను. తర్వాత నన్ను అనొద్దు."

"కనపడదు," అంది వదిన. సూపర్‌వైజర్‌తో ఆమె అన్న మాట ఆ రోజుకి అదొక్కటే.

*

ఇంటికి నడిచేటప్పుడు ఎండ ఇంకా తగ్గలేదు. తారు మెత్తబడి చెప్పుల్ని పట్టి లాగుతోంది. గోడ నీడ జానెడు వెడల్పున పడితే ఇద్దరూ దానిలోనే ఒకరి వెనక ఒకరు నడిచారు.

"రేపటి నుంచి నేను చెప్పినట్టు చెయ్యి," అంది వదిన వెనక్కి తిరక్కుండా. "పొద్దున లేస్తూనే ఎంత తాగాలనుంటే అంత తాగు. ఇంటి దగ్గరే అవగొట్టుకుని రా. మళ్ళీ సాయంత్రం దాకా ముట్టుకోకు. కూరలో ఉప్పు తగ్గించు. షెడ్డులో మాట్లాడకు. నోరు తెరిచావంటే దాహం లోపలికొచ్చి కూర్చుంటుంది."

"అమ్మో. అలా అయితే నాలుక అంటుకుపోదూ?"

"మొదటి రోజు అంటుకుంటుంది. రెండో రోజు తల పగులుతుంది. ఓర్చుకున్నావంటే తర్వాత ఒళ్ళే దారికొస్తుంది. ఒళ్ళు కోడెగిత్త లాంటిది. కాడి కిందకి రానంటుంది గాని, తెచ్చేదాకానే దాని పొగరు."

"నీళ్ళు లేకపోతే చెమట కూడా పట్టదు కదా వదినా?"

"పట్టదు. అప్పుడు మచ్చా పడదు, వాడి ముందుకి వెళ్ళి నిలబడే పనీ ఉండదు. స్వామికార్యం, స్వకార్యం."

"మరి ఒళ్ళు చల్లబడేదెట్లా?"

వదిన ఆగి తిరిగి చూసింది. "నేను లేనా? ఇన్నేళ్ళ నుంచి కాలిపోయానా?"

అది వాదన కాదు, కళ్ళ ముందు బతికున్న మనిషి. ఇంటి మలుపు దగ్గర వదిన ఆగి, మరదలి భుజం మీద అంటుకున్న దారప్పోగు తీసి పారేసింది. "ఇల్లు దాటి బయటికొచ్చిన మొదటి పని నీకు. మాట పడి పోకూడదు. నేర్చుకో," అంది ఈసారి మెత్తగా.

మరదలు నేర్చుకుంది. నేర్పటం ఇంత తేలికని వదినకే తెలియదు. మర్నాడు బుట్టలో సీసా లేదు. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని మెతుకులు నమల్లేక చాలాసేపు దవడ ఆడించింది గాని, పక్కామె చాచిన గ్లాసు మాత్రం అందుకోలేదు. ఆ తర్వాత రోజు కణతలకి గుడ్డ కట్టుకొచ్చింది. తలనొప్పా అని అడిగితే, "నువ్వు చెప్పిన రెండో రోజు వచ్చింది వదినా," అని నవ్వబోయింది. పెదవి చిట్లింది.

ఎండలు ముదిరాయి. షెడ్డు చూరు కింద పిచ్చుకలు నోళ్ళు తెరిచి కూర్చునేవి. ఒకరోజు ఆఫీసు నుంచి కబురొచ్చింది. సూపర్‌వైజర్ ఈల ఊది, మిషన్లు ఆపించి, గుమ్మం దగ్గర నిలబడి చెప్పాడు.

"అందరూ వినండి. వడగాలులు వీస్తున్నాయి. నీళ్ళు బాగా తాగమని పైనుంచి చెప్పారు. ఇదిగో, మీ కోసమే చల్లటి నీళ్ళు తెప్పించాం. మొహమాటపడకండి. మన షెడ్డులో ఎవరికీ ఏమీ కాకూడదు."

గుమ్మం పక్కన స్టూలు మీద నీళ్ళ క్యాను, గొలుసుతో కట్టిన గ్లాసు. అతను మనస్ఫూర్తిగానే చెప్పాడు. చెబుతున్నంతసేపూ తాళంచెవి అతని పొట్ట మీద అటూ ఇటూ ఊగుతూ ఉంది. ఆడవాళ్ళు క్యాను వైపు చూశారు, తాళంచెవి వైపు చూశారు, మళ్ళీ పనిలో పడ్డారు.

కుట్టు వరసలో బొంగురుగొంతు మనిషి ఒకామె ఉంది. ఎవరికీ జడవదు. "పోసేవాడు పోస్తాడమ్మా, పోయే దారికి మాత్రం తాళం," అంది. ఆడవాళ్ళు పమిటలు అడ్డం పెట్టుకుని నవ్వారు. మగవాళ్ళు వెళ్ళి రెండేసి గ్లాసులు తాగి, షెడ్డు పక్క గోడ వెనక్కి వెళ్ళొచ్చారు. మరదలు మాత్రం క్యాను దగ్గర ఎవరో గ్లాసు నింపుతుంటే ఆ చప్పుడు వైపే చూస్తూ నిలబడింది.

"పెట్టె కాలుతోంది," అంది వదిన.

మరదలు తల తిప్పుకుని చొక్కా అందుకుంది.

*

అన్నిటికంటే ఎక్కువ ఎండ కాసిన రోజు ఒకటి వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం డబ్బాలు తిన్నాక వదిన మరదలి గుట్ట చూసి ఆశ్చర్యపోయింది. తన గుట్టకి నాలుగు వేళ్ళు తక్కువ, అంతే. ఒక్క చొక్కా మీద మచ్చ లేదు. కాలరు మొనలు సూదుల్లా నిలబడి ఉన్నాయి. వంగి మరదలి మొహంలోకి చూసింది. బుగ్గలు ఎర్రగా పండి ఉన్నాయి. నుదుటి మీద ఒక్క చుక్క లేదు. చూపుడు వేలితో నుదురు ఆ కొస నుంచి ఈ కొసకి రాసి చూసింది. పొడి. వేడిగా ఉంది. ఇస్త్రీ బల్ల ముందు నిలబడ్డ మనిషి వేడిగా ఉండక చల్లగా ఉంటుందా?

"శభాష్," అంది. "నాకు మూడు వేసవులు పట్టిందే ఇది. నీకు పది రోజులకే పట్టుబడింది."

మరదలు నవ్వింది. పిలుపు విన్న చాలాసేపటికి తలుపు తీసినట్టు, ఆ నవ్వు ఆలస్యంగా వచ్చింది. వదిన దాన్ని చూసింది. సిగ్గనుకుంది.

వదిన ఆ పూట ఎప్పుడూ లేనంత తేలిగ్గా పని చేసింది. పక్క బల్లామెతో, "మా మరదలు చూడండి," అని కూడా అంది. ఆమె నోట అలాంటి మాట విని పక్క బల్లామె పెట్టె ఆపి చూసింది.

కొంతసేపటికి మరదలు చేసిన చొక్కానే తీసి మళ్ళీ చేయటం మొదలుపెట్టింది. జాగ్రత్త పడుతోందనుకుంది వదిన. గుండీల పట్టీ మీద పెట్టె నడిపేటప్పుడు గుండీల మధ్య సందుల్లో మొన తిప్పాలి. మరదలు గుండీల మీదుగానే నడిపించేసింది. రెండు గుండీలు కరిగి గుడ్డకి అంటుకున్నాయి.

"ఏమే, కళ్ళెక్కడున్నాయి?"

"అమ్మ పిలుస్తోంది వదినా. నీళ్ళకి రమ్మంటోంది," అంది మరదలు, మామూలుగా, బయట నిజంగా ఎవరో నిలబడి ఉన్నట్టు.

"ఎవరి అమ్మ? పని చూడు," అని వదిన తన చొక్కా తిప్పుకుంది.

ఆ తర్వాత మాడు వాసన వచ్చింది. మరదలు పెట్టెని చొక్కా వీపు మీద వదిలేసి, చేతులు వేలాడేసి, దాన్నే చూస్తూ నిలబడి ఉంది. గుడ్డ కింద నుంచి పొగ లేస్తోంది.

"చొక్కా! చొక్కా!" అంటూ వదిన ఎగబడి పెట్టె లాగేసింది. పెట్టెని నిలబెట్టింది. మాడిన చొక్కాని సూపర్‌వైజర్ కంటపడకుండా చుట్ట చుట్టి బుట్టలోకి తోసింది. అప్పుడు మనిషి వైపు తిరిగింది. అప్పటికే మరదలు బల్ల అంచు పట్టుకోబోయి, పట్టు దొరక్క, నిలువునా కూలింది.

కేకలేశారు. ఎవరో క్యాను ఎత్తుకొచ్చి నీళ్ళన్నీ ఆమె మీద గుమ్మరించారు. ఒంటి మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే ఆరిపోతున్నాయి. కళ్ళు తెల్లబడ్డాయి, కాళ్ళు కొట్టుకుంటున్నాయి. సూపర్‌వైజరే పరుగెత్తుకొచ్చి ఆమెను చేతుల మీద ఎత్తుకున్నాడు. సరుకు బండి దాకా మోసుకెళ్ళాడు. దారి పొడుగునా, "అమ్మా, కళ్ళు తెరువమ్మా, అమ్మా," అంటూనే ఉన్నాడు. అతని మెడలో తాళంచెవి తగిలి తగిలి ఆమె చెంప గీరుకుపోయింది.

*

ఆసుపత్రిలో ఆమెకి ఐసు గడ్డలు చుట్టారు. చేతికి సెలైన్ పెట్టారు. మూత్రానికి గొట్టం వేసి మంచం పక్కన సంచి తగిలించారు. సాయంత్రానికి కొట్టుకోవటం తగ్గింది గాని తెలివి రాలేదు.

నర్సు ఒక్కొక్కటే అడిగింది. ఏం తిన్నది, జ్వరం ముందే ఉందా, నీళ్ళు తాగిందా, చివరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్ళింది. మరదలి గురించి ఇవన్నీ తెలిసిన మనిషి లోకంలో వదిన ఒక్కతే. "తాగలేదు," అంది. "నిన్నా తాగలేదు, మొన్నా తాగలేదు. ఇంటి దగ్గర తాగిందే."

డాక్టర్ వెనక నుంచి విన్నాడు. కుర్రవాడు, నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "పడిపోయే ముందు చెమట పడుతోందా?"

"లేదు. పొడిగా ఉంది."

"చెమట ఆగిందంటే ఒళ్ళు చేతులెత్తేసిందని. లోపల కుతకుత ఉడుకుతోందని. మీరెవరూ గమనించలేదా?"

"గమనించాను," అంది వదిన.

"మరి?"

ఆమె కుడిచేతి చూపుడు వేలిని ఎడమ పిడికిట్లో దాచుకుంది. డాక్టర్‌ని అవతలి మంచం వాళ్ళు కేకేశారు, వెళ్ళిపోయాడు.

వదిన తమ్ముడు, మరదలి మొగుడు, సరుకు దింపే చోటు నుంచి అలాగే వచ్చాడు. జుట్టు నిండా బస్తాల దుమ్ము. వరండాలో అక్క కాళ్ళ దగ్గర నేల మీద కూలబడి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు పక్కనున్నావు కాబట్టి సరిపోయింది అక్కా. ఒంటరిగా ఉంటే దిక్కెవరు? వేరేచోట చేస్తానంది ముందు. మా అక్క పక్కన అయితేనే పంపిస్తానన్నాను నేను."

ఆమె చేతిని లాక్కోలేదు. లాక్కుంటే ఎందుకో చెప్పాల్సి వస్తుంది. అతని జుట్టులోంచి ఒక గోనెపీచు తీసింది. ఎక్కడ పారేయాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

మర్నాడు పొద్దున సూపర్‌వైజర్ వచ్చాడు. పళ్ళు తెచ్చాడు. మెడలో తాడు చొక్కా లోపలికి వేసుకున్నాడు గాని బటన్ల సందులోంచి కనపడుతూనే ఉంది. తమ్ముడు మందులకి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"ఎవరైనా వచ్చి అడుగుతారు. ఇంటి నుంచే జ్వరంతో వచ్చిందని చెప్పు. నువ్వు చెబితే నమ్ముతారు. నీళ్ళు లేవా అంటే క్యాను ఉంది కదా, అందరూ చూశారు. అయినా నువ్వు ఇన్నేళ్ళు నిలబడ్డావు, నీకేమైనా అయిందా? ఆ పిల్లది బలహీనపు ఒళ్ళు."

తను మరదలితో అన్న మాటే అది. ఇంకొకరి నోట్లోంచి విన్నప్పుడు అదెంత తేలిక మాటో తెలిసింది.

"తాళంచెవి ఇలా ఇవ్వు," అంది.

"ఇక్కడెందుకు?"

"ఎందుకూ లేదు. అరవకుండా ఇవ్వటం నీకు వచ్చో రాదో చూద్దామని."

అతను నేల చూశాడు. పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, చప్పుడు కాకుండా వెళ్ళిపోయాడు. వదినకి గెలిచినట్టేమీ అనిపించలేదు. ఈ మాట అడగటానికి ఇన్నేళ్ళు పట్టింది. అడిగింది కూడా తాళం లేని చోట.

మధ్యాహ్నం డాక్టర్ సంచి ఎత్తి వెలుగుకి పెట్టి చూశాడు. అడుగున టీ డికాషన్ రంగులో నాలుగు చుక్కలు. మిగతాదంతా అతుక్కుపోయి ఉంది.

"ఒళ్ళు చల్లబడింది. కాని కిడ్నీలు పని ఆపేశాయి. సాయంత్రం పెద్దాసుపత్రికి పంపిస్తాం, రక్తం శుద్ధి చేసే మిషను పెడతారు. దాని మీద ఎన్నాళ్ళు ఉండాలో ఇప్పుడే చెప్పలేం. తనంతట తనకి మూత్రం వస్తే మాత్రం గట్టెక్కినట్టే," అన్నాడు. "అప్పటిదాకా నీళ్ళు ఇవ్వకండి. లోపలికి వెళ్ళింది బయటికి రాదు, ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. ఎంత అడిగినా సరే."

తమ్ముడు బండి కోసం వెళ్ళాడు. వార్డులో ఫ్యాను తిరుగుతోంది. వదిన సంచి వైపే చూస్తూ కూర్చుంది.

మరదలు కళ్ళు తెరిచింది. చాలాసేపు పైకప్పు చూసింది. తర్వాత మొహం ఇటు తిప్పింది. గుర్తుపట్టింది.

"దాహం వదినా."

ఇన్ని రోజుల్లో ఆమె ఆ మాట అనటం అదే మొదలు.

వదిన నర్సు వైపు చూసింది. నర్సు చిన్న గిన్నెలో కొద్దిగా నీళ్ళు, దూది తెచ్చిచ్చింది. "పెదాలు తడపండి. చుక్క లోపలికి పోకూడదు."

వదిన దూది ముంచి, గిన్నె అంచుకి పిండి, ఇంకోసారి పిండి, చిట్లిన పెదవి మీద అద్దింది. మరదలు ఆ దూదిని పెదాలతో పట్టేసింది. కట్టుగొయ్య దగ్గరికి లాగుతున్నా దూడ పొదుగు వదలనట్టు, కళ్ళు మూసుకుని పీల్చసాగింది. దూదిలో ఏమీ లేదు.

"విడిచిపెట్టు పిల్లా. వద్దన్నారు."

దూది వచ్చేసింది. పెదాలు అది ఉన్నచోటనే ఇంకా కదులుతున్నాయి.

"ఒక్క గుక్క ఇయ్యి వదినా." గొంతు గాలిలా ఉంది. "బాత్రూమ్‌కి వెళ్ళనులే. ఎవర్నీ అడగను. బల్ల దగ్గరే నిలబడతాను. నిజం."

వదిన మంచం మీదకి వంగింది. ఆమె నోరు మరదలి చెవికి ఆనింది. షెడ్డులో ఎన్నేళ్ళ నుంచో మూసి ఉంచిన నోరు అది.

"వెళ్ళు తల్లీ," అంది. "ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వెళ్ళు. నేను తీసుకెళ్తాను. ఒక్కసారి వెళ్ళు."

మరదలు వినలేదు. దూది మళ్ళీ వస్తుందని నోరు తెరిచి ఉంచింది.